వరి ఎప్పుడు ఈనాలో ఎవరు చెప్తారు? పూత జీన్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

విత్తనాల షాపుకెళ్తే ఎవరైనా ముందు అడిగేది ఎన్ని రోజుల రకం అనే కదా. 120 అంటారు, 135 అంటారు, స్వర్ణ అయితే 150 అంటారు. ఆ నంబరు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఇక పూతకి రా అని మొక్కకి చెప్పేదెవరు, వరి పువ్వులో ఏ భాగం ఏ జీన్ వల్ల తయారవుతుంది, ఇలాంటివి తరచుగా అడుగుతుంటారు. అగ్రి బీఎస్సీ పిల్లలు అడిగేవి, రైతులు అడిగేవి, ఊళ్ళో పొలం కౌలుకిచ్చి బెంగళూరులో ఉద్యోగం చేసుకునేవాళ్ళు అడిగేవి అన్నీ ఒకచోట పెట్టేశాను, వరుస గురించి పెద్దగా పట్టించుకోకండి.

120 రోజుల రకానికీ 150 రోజుల రకానికీ అసలు తేడా ఎక్కడొస్తుంది?

చాలామంది గింజ గట్టిపడటానికి ఎక్కువ రోజులు పడుతుందేమో అనుకుంటారు, కాదు. ఈనిన, అంటే వెన్ను (కంకి) బయటికొచ్చిన దగ్గర్నుంచి కోతకి మన వేడి ప్రాంతాల్లో ఏ రకానికైనా సుమారు 30 రోజులే. పిలక లోపల అంకురం, అంటే వెన్ను తొలి మొగ్గ, పడ్డ దగ్గర్నుంచి వెన్ను బయటికి రావడానికి ఇంకో 30-35 రోజులు, ఇదీ రకాన్ని బట్టి పెద్దగా మారదు. మారేదల్లా ఆ ముందు భాగం, అంటే మొక్క ఆకులు వేసుకుంటూ పిలకలు పెట్టుకుంటూ కూర్చునే కాలం. ఎంటీయూ 1010 లాంటి దాంట్లో అది రెండు నెలల లోపే అయిపోతుంది, స్వర్ణలో మూడు నెలలకి దగ్గరగా సాగుతుంది. అందుకని పంటకాలం జీన్లు అని పేపర్లలో రాసేవన్నీ నిజానికి ఈ మొదటి భాగం ఎప్పుడు ఆగాలో తేల్చే జీన్లే. ఈ ఒక్క ముక్క బుర్రలో పెట్టుకుంటే కింద రాసినవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

మరి టైమైందని మొక్కకి ఎలా తెలుస్తుంది?

ఆకుకి తెలుస్తుంది. 1920లో అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు పొగాకు మీదా సోయా మీదా పనిచేసి, పూతని నడిపేది పగటి పొడవు అని చూపించారు. తర్వాత తేలిందేమిటంటే మొక్క నిజంగా కొలిచేది రాత్రిని, ఎంతసేపు ఆగకుండా చీకటిగా ఉంది అని. ఆకులో ఫైటోక్రోమ్ అనే పదార్థం వెలుతుర్ని పట్టుకుంటుంది, ఆకు కణాల్లోనే 24 గంటల గడియారం ఒకటి నడుస్తుంటుంది, ఆ రెండూ కలిసి లెక్క తేలుస్తాయి. వరి పొట్టి పగళ్ళ మొక్క, రాత్రి పెరిగేకొద్దీ పూతకి తొందరపడుతుంది. గోధుమ, బార్లీ దీనికి పూర్తిగా ఉల్టా.

ఆకుకి తెలిస్తే వెన్ను వచ్చేది పిలక కొసలో కదా, కబురు ఎలా వెళ్తుంది?

ఇది నాకు చాలా ఇష్టమైన కథ. ఆకులో తయారై కొసకి ప్రయాణించే పదార్థం ఏదో ఉండాలని 1930ల్లోనే రష్యాలో చైలాఖ్యాన్ అనే శాస్త్రవేత్త చెప్పి, దానికి ఫ్లోరిజెన్ అని పేరు కూడా పెట్టేశాడు. పేరైతే ఉంది గానీ వస్తువు చేతికి దొరకలేదు, డెబ్బై ఏళ్ళు వెతుకుతూనే ఉన్నారు, కొంతమందైతే అసలు అలాంటిది లేదనే తేల్చేశారు. చివరికి 2007లో జపాన్‌లోని నారా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు వరిలో హెచ్‌డీ3ఏ అనే జీన్ తయారుచేసే ప్రోటీన్‌కి పచ్చగా మెరిసే ఇంకో ప్రోటీన్ తగిలించి మైక్రోస్కోప్‌లో చూశారు. జీన్ పనిచేసేది ఆకు ఈనెల్లో, ప్రోటీన్ కనపడింది పిలక కొసలో. అంటే నడిచి వెళ్ళింది ప్రోటీనే. అదే ఏడాది ఆవజాతి మొక్క అరబిడాప్సిస్‌లోనూ ఇదే సంగతి తేలింది.

కొసకి చేరాక అది ఒంటరిగా ఏమీ చెయ్యలేదు. 14-3-3 అనే రకం ప్రోటీన్‌తో కలిసి, తర్వాత ఓఎస్‌ఎఫ్‌డీ1 అనే దాంతో జతకట్టి, ముగ్గురూ కలిసి డీఎన్‌ఏ మీద కూర్చుని ఓఎస్‌మ్యాడ్స్15 లాంటి జీన్లని లేపుతారు. అక్కణ్ణుంచి ఆ కొస ఆకులు వెయ్యడం మానేసి వెన్ను వెయ్యడం మొదలుపెడుతుంది. ఈ ముగ్గురి జట్టు సంగతి బయటికొచ్చింది 2011లో.

ఫ్లోరిజెన్ ఒక్కటేనా?

వరిలో రెండు. హెచ్‌డీ3ఏ పక్కనే, ఆరో క్రోమోజోమ్ మీదే, ఆర్‌ఎఫ్‌టీ1 అని దాని తోబుట్టువు ఉంది. మొదటిది పొట్టి పగళ్ళలో పనిచేస్తే రెండోది పొడుగు పగళ్ళలో ఆదుకుంటుంది. రెండింటినీ నొక్కేసిన మొక్కలు 300 రోజులైనా ఈనలేదు, పచ్చగా ఆకులు వేసుకుంటూ ఉండిపోయాయి.

హెచ్‌డీ1, ఈహెచ్‌డీ1, జీహెచ్‌డీ7... ఈ పేర్లతో తల తిరుగుతోంది. గుర్తుంచుకోవాల్సినవి ఏవి?

నాలుగు చాలు, మిగతావి ఎగ్జామ్ ముందు చూసుకోండి.

హెచ్‌డీ1 వరిలో మొదట పట్టుబడ్డ పూత జీన్లలో ఒకటి, 2000లో. జపాన్ రకం నిప్పన్‌బారే, ఇండియా నుంచి వెళ్ళిన కసలత్, ఈ రెండింటినీ క్రాస్ చేసి, వచ్చిన పిల్లల్లో ఎవరెప్పుడు ఈనారో రాసుకుని, క్రోమోజోముల మీద చోటు వెతుక్కుంటూ వెళ్ళి పట్టారు. అందుకే హెచ్‌డీ పేర్లన్నీ నంబర్లతో ఉంటాయి, దొరికిన చోట్లకి వరసగా నంబర్లిచ్చారు. దీని తమాషా ఏంటంటే రాత్రి పొడుగ్గా ఉంటే పూతని ముందుకి తోస్తుంది, పగలు పొడుగ్గా ఉంటే అదే జీన్ పూతని ఆపుతుంది. ఒకే జీన్‌కి ఈ రెండు గుణాలు ఎలా అని ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు, పక్కన జీహెచ్‌డీ7 లాంటి తోడు ఉందా లేదా అన్నదాన్ని బట్టి మారుతుందని తర్వాత తెలిసింది.

ఈహెచ్‌డీ1 రెండో దారి. అరబిడాప్సిస్‌లో దీనికి సరిజోడు లేదు, గడ్డిజాతి వాళ్ళు సొంతంగా ఏర్పాటు చేసుకున్నది. ఫ్లోరిజెన్ జీన్లని లేపడమే దీని పని.

జీహెచ్‌డీ7ని 2008లో చైనాలోని వుహాన్ నుంచి హువాఝోంగ్ వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళు బయటపెట్టారు. నా లెక్కలో మిగతా అన్నిటికంటే దిగుబడికి దగ్గరి జీన్ ఇదే. పొడుగు పగళ్ళలో ఈహెచ్‌డీ1ని నొక్కి పట్టి పూతని వెనక్కి నెడుతుంది, వాళ్ళ పొలంలో మూడు వారాల దాకా లేటైంది. ఆ లేటైన టైంలో మొక్క ఎత్తు పెరుగుతుంది, కాండం బలుస్తుంది, వెన్నులో గింజలు పెరుగుతాయి. అంటే ఎక్కువ రోజుల రకం ఎక్కువ దిగుబడి ఇస్తుందని మన పెద్దవాళ్ళు అనేది ఊరికే కాదు, ఒకే జీన్ రెండూ చేస్తోంది. కానీ చలి తొందరగా వచ్చే ఉత్తర చైనాలో, జపాన్ హొక్కైడోలో బలమైన జీహెచ్‌డీ7 పెట్టుకుంటే గింజ పాలు పోసుకునేలోపే చలి కొట్టేస్తుంది, అందుకే అక్కడి రకాల్లో అది బలహీనంగానో చెడిపోయో ఉంటుంది.

నాలుగోది ఆర్‌ఐడీ1. ఇది పోతే వరి జన్మలో ఈనదు.

మన దగ్గర పగలు, రాత్రి పెద్ద తేడా ఉండదు కదా, ఇవన్నీ మనకి వర్తిస్తాయా?

మంచి ప్రశ్న. హైదరాబాద్‌లో జూన్‌లో అతి పెద్ద పగలు 13 గంటల పది నిమిషాలకి కాస్త అటూ ఇటూ, డిసెంబర్‌లో అతి చిన్న పగలు 11 గంటల చిల్లర. రెండు గంటల తేడానే, హొక్కైడోలో ఇది ఆరు గంటలు దాటుతుంది. కానీ వరికి ఆ మాత్రం చాలు. జపాన్‌లో చేసిన పనిలో హెచ్‌డీ3ఏ 13న్నర గంటల దగ్గర తెగతెంపులుగా మారుతుందని, అరగంట తేడాని కూడా ఆకు పసిగడుతుందని 2010లో చూపించారు. పైగా సూర్యుడు పడమట దిగిపోయాక ఉండే మసక వెలుతురు కూడా మొక్క లెక్కలోకి వస్తుంది, మన వాచీ లెక్కలోకి రాదు.

మన పాత దేశవాళీ రకాల్లో చాలావాటికి ఈ పట్టింపు గట్టిగా ఉండేది. జూన్‌లో పోసినా జూలైలో పోసినా దసరా దాటాక అటూ ఇటూగా ఒకేసారి ఈనేవి, అందుకే ఆ రకాలకి రోజులు కాకుండా నెలలు చెప్పుకునేవాళ్ళు. దాళ్వాలో వేస్తే లెక్క మొత్తం తప్పేది.

మరి ఇప్పటి రకాలు రెండు కార్లూ ఎలా పండుతున్నాయి?

ఆ పట్టింపు తీసేశారు కాబట్టి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి సంస్థ 1966లో ఐఆర్8 విడుదల చేసింది, పొట్టిగా ఉండి పడిపోకపోవడం గురించే అందరూ చెప్పుకుంటారు గానీ దాని రెండో గుణం పగటి పొడవుతో సంబంధం లేకుండా 130 రోజుల అటూ ఇటూలో కోతకి రావడం. 1967లో పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని వేసి పండించిన సంగతి పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. దాళ్వా సాగు అంతగా పెరగడానికి కాలవ నీళ్ళు ఎంత కారణమో ఈ పట్టింపు పోవడం అంత కారణం అని నా అభిప్రాయం.

పట్టింపు పోయిందంటే రోజులు అస్సలు మారవని కాదు. ఇలాంటి రకాలు వేడిని లెక్కపెట్టుకుంటాయి. డిసెంబర్ చలిలో నారు పోస్తే అదే ఎంటీయూ 1010కి వానాకాలం కంటే రోజులు పెరుగుతాయి, సంచి మీద 120 అని ఉంది మోసం అని డీలర్‌తో గొడవపడకండి.

మా పొలం పక్కన హైమాస్ట్ లైటు వేశారు, ఆ పక్క వరి లేటుగా ఈనింది. లైటు వల్లేనా?

అవ్వచ్చు. చీకటిని మధ్యలో తెంపితే వరి మోసపోతుంది, రాత్రి మధ్యలో పది నిమిషాలు వెలుతురు కొడితే చాలు హెచ్‌డీ3ఏ పడిపోతుందని ల్యాబ్‌లో చూపించారు, దీని వెనకాల ఫైటోక్రోమ్ బీ ఉంది. పగటి పట్టింపు ఉన్న రకమైతే స్తంభం చుట్టూ పచ్చగా ఒక గుండ్రం మిగిలి చుట్టూతా ఈనిపోయి ఉంటుంది, పట్టింపు లేని రకమైతే తేడా తెలియదు. గుండ్రంగా కాకుండా మడి ఒక మూల మాత్రమే లేటైతే లైటుని తిట్టేముందు యూరియా ఎక్కువ పడిందేమో, నీరు నిలిచిందేమో చూసుకోండి.

నారు ముదిరితే నాటిన కొన్నాళ్ళకే ఒక్కో పిలక ఈనేస్తుంది, ఎందుకు?

తక్కువ రోజుల రకాల్లో మొదటి భాగం అసలే పొట్టిది. నీళ్ళు రాలేదని నారు మడిలోనే 45 రోజులు ఉంచితే లోపల గడియారం ఆగదు కదా, తల్లి పిలకలో అంకురం దగ్గరపడిపోతుంది. నాటగానే అది పొట్టివెన్ను వేసుకుని బయటికొస్తుంది, పక్క పిలకలు తర్వాతెప్పుడో వస్తాయి, కోతనాటికి సగం పండి సగం పచ్చి. ముదురు నారు తప్పదనుకుంటే ఎక్కువ రోజుల రకం నయం, దానికి ఇంకా టైం మిగిలి ఉంటుంది. తక్కువ రోజుల రకమే వెయ్యాలంటే కుదురుకి మొక్కలు పెంచి, దగ్గరగా నాటమని చెప్పేది అందుకే.

వరికి పువ్వు ఉంటుందా అసలు? ఎప్పుడూ చూడలేదు.

రోజూ చూస్తూనే ఉన్నారు. వడ్లగింజ పైనున్న రెండు పొట్టు డిప్పలు పువ్వులో భాగాలే, పెద్దది లెమ్మా, చిన్నది పేలియా. లోపల ఆరు కేసరాలు, ఒక అండాశయం, దాని మీద ఈకల్లాంటి రెండు కీలాగ్రాలు. ఆకర్షణ పత్రాలు ఉండవు, వాటి బదులు అడుగున లాడిక్యూల్స్ అని రెండు చిన్న తెల్లటి బుడిపెలు ఉంటాయి, కంటికి సరిగా ఆనవు.

పొద్దున తొమ్మిదింటికి ఈనిన మడి గట్టు మీద కూర్చుని ఒక్క వెన్నునే చూడండి. ఆ బుడిపెలు నీళ్ళు పీల్చుకుని ఉబ్బి లెమ్మాని పక్కకి తోస్తాయి, డిప్పలు విడతాయి, కేసరాల కాడలు చూస్తుండగానే సాగి పసుపు తిత్తులు బయటికి వేలాడతాయి, పుప్పొడి రాలేది ఎక్కువగా సొంత కీలాగ్రం మీదే. గంట, గంటన్నరలో డిప్పలు మూసుకుంటాయి, తిత్తులు మాత్రం బయటే ఎండి వేలాడుతుంటాయి. వెన్నులో పై గింజలు ముందు, కింద గింజలు తర్వాత, మొత్తం వెన్ను పూయడానికి వారం దాకా పడుతుంది. పూత మీదున్నప్పుడు పొద్దున మందు కొట్టొద్దు, సాయంత్రం కొట్టండి అని చెప్పేది ఈ గంటన్నర కోసమే.

ఈ భాగాలన్నీ ఏ జీన్ల వల్ల వస్తాయి?

మామూలు పువ్వుల్లో ఏ భాగం ఎక్కడ రావాలో తేల్చేవి ఏ, బీ, సీ అని మూడు తరగతుల జీన్లు అని చెప్తారు, వరిలోనూ దాదాపు అదే లెక్క, కొన్ని సొంత పోకడలతో. జీన్ చెడిన మొక్కల్ని చూస్తే బాగా ఎక్కుతుంది. ఎస్‌పీడబ్ల్యూ1, అంటే ఓఎస్‌మ్యాడ్స్16, బీ తరగతి. అది చెడితే ఆరు కేసరాల చోట అండాశయాల్లాంటివి వస్తాయి, లాడిక్యూల్స్ పొట్టులాగా మారిపోతాయి. అన్నీ ఆడ భాగాలే కాబట్టి జపాన్ వాళ్ళు దానికి సూపర్‌వుమన్ అని పేరు పెట్టారు. దాంట్లోనే కొంచెం మాత్రమే చెడిన రకం ఒకటుంది, కేసరాలు బాగానే ఉంటాయి గానీ లాడిక్యూల్స్ ఉబ్బవు, పువ్వు విచ్చుకోకుండానే లోపల్లోపలే గింజ కడుతుంది. పుప్పొడి పక్క పొలానికి పోకూడదనుకునేవాళ్ళకి ఇది బంగారం.

డీఎల్ అనే జీన్ ఇంకా విచిత్రం. అది పోతే అండాశయం చోట కేసరాలు వస్తాయి, అంతే కాదు ఆకు నడి ఈనె ఏర్పడక ఆకులన్నీ వాలిపోతాయి. పువ్వు జీన్ చెడితే ఆకు వాలడం ఏమిటి అని పిల్లలు ఆశ్చర్యపోతారు, ఒకే జీన్‌కి రెండు చోట్ల ఉద్యోగం, అంతే. అండాశయం, కేసరాలు కుదరాలంటే సీ తరగతివి ఓఎస్‌మ్యాడ్స్3, ఓఎస్‌మ్యాడ్స్58 ఉండాలి. ఓఎస్‌మ్యాడ్స్1 చెడితే పొట్టు ఆకులా సాగి గింజ కట్టదు, దీని మీద బెంగళూరు ఐఐఎస్‌సీలో కూడా చాలా పని జరిగింది.

ఏప్రిల్ ఎండలకి తాలు ఎక్కువ పోతోంది. దానికి జీన్ ఉందా?

పువ్వు విచ్చుకునే ఆ గంటలో వెన్ను దగ్గర వేడి 35 డిగ్రీలు దాటితే కేసరం తిత్తి సరిగా పగలదు, పుప్పొడి చాలినంత రాలదు, గింజ తాలు. ముందురోజు మధ్యాహ్నం 40 కొట్టినా అంత నష్టం లేదు, ఆ గంటే ప్రాణం. దీనికి రెండు దారులు. ఒకటి తట్టుకోవడం, మన నగీనా 22 అనే పాత రకం ఇందులో ప్రపంచంలోనే పేరున్నది. రెండోది తప్పించుకోవడం, అడవి వరి ఒరైజా అఫిసినాలిస్ నుంచి క్యూఈఎమ్‌ఎఫ్3 అనే డీఎన్‌ఏ ముక్క తెచ్చి ఐఆర్64 అనే రకంలో పెడితే పువ్వులు పొద్దున ఇంకా ముందే విచ్చుకుని ఎండ ముదిరేలోపు పని కానిచ్చేస్తాయి. నాకు రెండోదే తెలివైన దారి అనిపిస్తుంది. రకం చేతికొచ్చేదాకా రైతు చేతిలో ఉన్నది యాసంగి నాట్లు లేటు కాకుండా చూసుకోవడమే.

కరీంనగర్ వైపు హైబ్రిడ్ సీడ్ పొలాల్లో తాడు లాగుతారు, అదెందుకు?

వరి సొంత పుప్పొడి మొక్క కాబట్టి హైబ్రిడ్ కావాలంటే ఒక వరసలో మగతనం లేకుండా చెయ్యాలి. 1970లో చైనా హైనాన్‌లో యువాన్ లాంగ్‌పింగ్ జట్టుకి దొరికిన అడవి వరి మొక్క నుంచి వచ్చిన గుణమే ఇప్పటికీ ఎక్కువగా వాడేది. కారణమైన జీన్ డబ్ల్యూఏ352 మైటోకాండ్రియాలో ఉంటుంది, అందుకే తల్లి వైపు నుంచే వస్తుంది. ఆడ వరసకి పుప్పొడి ఉండదు, పక్క మగ వరస విచ్చుకున్న గంటలో తాడుతోనో కర్రతోనో కదిపితే పుప్పొడి లేచి అటు పడుతుంది, దాని ఆయువు కొన్ని నిమిషాలే. రెండు వరసలూ ఒకే వారంలో పూతకి రాకపోతే సీజన్ మొత్తం పోయినట్టే, అందుకే మగ నారు విడతలుగా పోస్తారు. ఆడ వరస వెన్ను సగం పోటాకు తొడుగులోనే ఇరుక్కుంటుంది కాబట్టి జిబ్బరెల్లిక్ కొట్టి బయటికి లాగుతారు.

పగటి పొడవుని బట్టి మగతనం పోయే మొక్క కూడా ఉంది, 1973లో చైనా హుబెయ్‌లో దొరికింది, పగలు పొడుగైతే గొడ్డు, పొట్టిదైతే మామూలు. మన అక్షాంశంలో అంత పొడుగు పగళ్ళు రావు కాబట్టి మనకి పనికొచ్చేది వేడిని బట్టి మారే టీజీఎంఎస్ రకాలే.

గోధుమ, మొక్కజొన్న, జొన్నల్లోనూ ఇవే జీన్లా?

పేర్లు వేరు, చుట్టాలు మాత్రం వాళ్ళే. ఒక్కటి చెప్తాను. పీఆర్ఆర్37 అనే జీన్ వరిలో హెచ్‌డీ2, బార్లీలో పీపీడీ-హెచ్1, గోధుమలో పీపీడీ1, జొన్నలో ఎమ్‌ఏ1. జొన్న ఎత్తు తగ్గించి తొందరగా కోతకి తెచ్చినవాళ్ళూ, మెక్సికోలో సొనోరా, తొలుకా అని రెండు చోట్ల ఏడాదికి రెండు పంటలు వేసి పగటి పట్టింపు లేని గోధుమ ఏరిన బోర్లాగ్ గారూ, తెలియకుండానే ఈ జీన్ చుట్టూనే తిరిగారు. మొక్కజొన్న మెక్సికో నుంచి ఉత్తరానికి పాకడానికి జీహెచ్‌డీ7 చుట్టం జెడ్‌ఎమ్‌సీసీటీ పనికొచ్చింది, దాని ముందు ఒక గెంతే డీఎన్‌ఏ ముక్క వచ్చి పడి నోరు నొక్కేసింది.

గోధుమలో అదనంగా చలి లెక్క ఉంది. శీతాకాలపు గోధుమలో వీఆర్ఎన్2 పూతని ఆపి ఉంచుతుంది, వారాల తరబడి చలి తగిలితే వీఆర్ఎన్1 లేచి దాన్ని నొక్కేస్తుంది, అప్పుడు వీఆర్ఎన్3కి దారి దొరుకుతుంది. ఆ వీఆర్ఎన్3 మరెవరో కాదు, మన హెచ్‌డీ3ఏ చుట్టమే. వరికి ఈ చలి గోల లేదు.

కమల అనే కొత్త వరి పూత జీన్ మార్చిందేనా?

వెన్ను జీన్. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిలో సీకేఎక్స్2 అనే జీన్‌ని క్రిస్పర్ అనే డీఎన్‌ఏ కత్తెరతో చెడగొట్టి చేసింది, డీఆర్ఆర్ ధాన్ 100 అని 2025 మేలో ప్రకటించారు. ఆ జీన్ సైటోకైనిన్ అనే హార్మోన్‌ని విరగ్గొడుతుంది, అది చెడితే పెరిగే కొసలో హార్మోన్ మిగిలి వెన్నుకి ఎక్కువ గింజలు పడతాయి. గింజల సంఖ్యకి ఈ జీన్‌తో లింకుందని 2005లోనే జపాన్ వాళ్ళు చెప్పారు. బయటి జీన్ ఏదీ ఇందులో లేదు. దిగుబడి సగటున 19 శాతం ఎక్కువ, 20 రోజులు ముందు కోత అని ప్రకటనలో చెప్పారు, ఆ అంకెల మీద విమర్శలూ వచ్చాయి, నా మటుకు నాకు మన పొలాల్లో రెండు మూడు సీజన్లు చూస్తే గానీ సంబరపడను.

ఏదైనా మందు కొట్టి పూత ముందుకి తేవచ్చా?

షాపులో అమ్మే వాటితో కుదరదు. జిబ్బరెల్లిక్ ఉన్న వెన్నుని బయటికి సాగదీస్తుందే గానీ అంకురం తేదీని మార్చదు. జపాన్‌లో 2017లో ఒక పని చేశారు, జీహెచ్‌డీ7 ఎక్కువగా పనిచేయించి మొక్క అసలు ఈనకుండా ఆపి, ఒక వ్యవసాయ మందు తగిలితేనే హెచ్‌డీ3ఏ లేచేలా జీన్ పెట్టారు, కొట్టినప్పుడు ఈనింది. అది జీఎం మొక్క, పరిశోధన వరకే.

అంకురం పడిందో లేదో పొలంలో ఎలా తెలుసుకోవాలి?

తల్లి పిలక ఒకటి వేరుతో పీకి, అడుగు నుంచి బ్లేడుతో నిలువుగా రెండుగా చీల్చండి. వేరు పైన కణుపులు పేర్చినట్టు కనపడతాయి, అన్నిటికంటే పై కణుపు మీద చూడాలి. ఏమీ లేకుండా ఆకుల మొన మాత్రమే ఉంటే ఇంకా టైముంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల తెల్లటి నూగు కొస కనపడితే అదే వెన్ను, ఇంక నెలరోజుల్లో బయటికొస్తుంది. ఒక్క పిలకతో తేల్చేయకుండా మడిలో నాలుగైదు చోట్ల చూడండి. ఆఖరి దఫా యూరియా, దాంతోపాటు మిగిలిన పొటాష్ వేసే టైం ఇదే, పొట్ట బయటికి కనపడేదాకా ఆగితే వెన్నులో గింజల లెక్క అప్పటికే తేలిపోయి ఉంటుంది.